పని శిక్ష కాదు, ఆట కూలి కాదు

"పళ్ళెం తీస్తేనే ఆటకు వెళ్ళేది." "అల్లరి చేశావుగా, వచ్చి బట్టలు మడతపెట్టు." చిన్నపిల్లలున్న ఇళ్ళలో తరచు వినబడే ఈ రెండు మాటల మీద నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. మొదటిది ఆటను కూలిగా మారుస్తుంది, రెండవది పనిని శిక్షగా మారుస్తుంది. ఈ బేరసారాల నడుమ పెరిగిన బిడ్డ రేపు ఇంటిపని పేరెత్తితే ముఖం చిట్లించుకుంటే, ఆ తప్పు బిడ్డది కాదు.

మూడేళ్ళ పిల్లను గమనించండి. అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూంటే తనకూ నాలుగు కావాలంటుంది. ఊడుస్తూంటే చీపురు లాక్కుంటుంది. పని వేరు, ఆట వేరు అన్న విభజన ఆ వయసుకు తెలియదు. "నీకు రాదు, అవతలికి పో" అని ఆ ఉత్సాహాన్ని అణచేది మనమే. పదేళ్ళు వచ్చాక "ఒక్క పనీ ముట్టుకోదు" అని వాపోయేదీ మనమే. 1939లో మద్రాసుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చిన మరియా మాంటిస్సోరి పద్ధతిలో నీళ్ళు ఒంపడం, గుండీలు పెట్టుకోవడం, ఊడవడం వంటివి అక్షరాలకంటే ముందు వస్తాయి. ఆమె పేరు తగిలించుకున్న బడులకు ఫీజులు కడుతూనే, ఇంట్లో మాత్రం మంచినీళ్ళ గ్లాసు కూడా పిల్లల చేతికే అందిస్తున్నాం!

ఇక మగపిల్లల సంగతి. 2019 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం, ఆరేళ్ళు నిండినవారిలో ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు అందుకు వెచ్చించగా, పురుషులు వెచ్చించినది 97 నిమిషాలే. చెల్లెలి చేతికి చీపురూ, అన్న చేతికి బంతీ ఇచ్చే ఇళ్ళలో ఇంతకంటే వేరే ఫలితం ఎలా వస్తుంది?

"చదువుకే సమయం చాలడం లేదు, పైగా పనులా?" అంటారు కొందరు. మూడు నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర, కనీసం 180 నిమిషాల శారీరక కదలిక కావాలనీ, కూర్చుని తెర చూడడం గంటకు మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రెండవ తరగతి దాకా హోంవర్కు వద్దని కేంద్రప్రభుత్వపు 2020 బడిసంచీ విధానం చెప్పింది. కనుక కోత పెట్టవలసింది ట్యూషన్లకూ, టీవీకీ, సెల్‌ఫోనుకూ. ఆటకు కాదు, పనికీ కాదు.

నేను కోరేది స్వల్పం. నిద్రవేళ, తిండివేళ తప్పకూడదు. తన పళ్ళెం తాను తీయడం, చెప్పులు వరసగా పెట్టడం, మొక్కకు నీళ్ళు పోయడం వంటి ఒకటి రెండు పనులు రోజూ ఉండాలి. అవి చాక్లెట్ కోసం కాదు, తానూ ఆ ఇంటి మనిషే గనుక. మిగిలిన పొద్దంతా గుజ్జనగూళ్ళకూ, దాగుడుమూతలకూ, ఊరికే మట్టిలో కూర్చోవడానికీ వదిలెయ్యాలి. ఆడుకుని వచ్చిన బిడ్డను "ఏం నేర్చుకున్నావు?" అని అడగరాదు.

అయిదేళ్ళ బిడ్డకు ఇంతకు మించిన దినచర్య అవసరమనేవారుంటే కారణాలు చెప్పండి, వింటాను.