పెద్ద అంగడి మూతపడినపుడు

1670వ సంవత్సరమున ఇంగ్లండు రాజు రెండవ చార్లెసు ఇచ్చిన సన్నదుతో పుట్టిన హడ్సన్సు బే కంపెనీ, 2025 జూను 1వ తేదీన, కెనడా దేశమందలి తన అంగళ్ళనన్నిటిని మూసివైచినది. మనలనేలిన ఈస్టిండియా కంపెనీకి అది వరుసకు చెల్లెలు. తోళ్ళ వర్తకముతో బయలుదేరి, గుండుసూది మొదలు పట్టెమంచము వఱకు సమస్త వస్తువులను ఒక్క కప్పు క్రింద శాఖలు శాఖలుగ విక్రయించు మహాదుకాణములను నగరములందెల్ల నెలకొల్పి, మూడువందల యేబదియైదేండ్లు బ్రదికి, తుదకు అప్పులవారి నుండి రక్షణ వేడుచు న్యాయస్థానపు మెట్లెక్కినది. కంపెనీ యను పేరు వినినంతనే కనుబొమలు ముడుచు మన పాఠకులు కొందఱు పీడ విరగడయైనదని సంతోషింపవచ్చును. మేము సంతోషింపజాలకున్నాము. ఏలయన, ఆ మహాదుకాణములను నమ్ముకొని అవే కట్టడములలో చిన్న చిన్న అంగళ్ళు పెట్టుకొనిన వర్తకులు పెక్కుమంది కలరు. వారు కంపెనీలు కారు. మనవంటివారు.

ఎక్కడి కెనడా, ఎక్కడి నెల్లూరు అని యడుగవచ్చును. మన పట్టణమునను మాల్ అను కట్టడము వెలసినది. తీరమునందలి చిన్న పట్టణములకును ఆ మోజు ప్రాకుచున్నది. చిన్నబజారునను, ఆచారివీధిలోను తాతలనాటి అంగళ్ళు గల వర్తకులు, వానిని విడిచి మాల్‌లో ఒక గదిని పట్టాకు తీసికొనుట మంచిదా యని మమ్ము అడుగుచున్నారు. జీవితమున కూడబెట్టిన ధనమంతయు బయానాగ చెల్లింపబూనినవానికి, అవునని గాని కాదని గాని ఒక్క మాటతో చెప్పుట న్యాయము కాదు. ఆ కట్టడము ఏ యాధారమున నిలుచుచున్నదో ముందుగ విప్పి చెప్పవలసియున్నది.

మాల్ అనునది వట్టి అంగళ్ళ సముదాయము కాదు. 1956లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున విక్టరు గ్రూయెన్ అను శిల్పి నిర్మించిన సౌత్‌డేలు దీనికి ఒరవడి. అందు రెండు మహాదుకాణములు. వాని నడుమ చలువ గాలి పట్టించిన నడవాలు, ఆ నడవాలకిరువైపుల చిన్న అంగళ్ళు. జనము మహాదుకాణమునకు వత్తురు. వచ్చుచు పోవుచు చిన్న అంగడిలో రుమాలో, చెప్పులజోడో కొందురు. ఇందలి మర్మము అద్దెలలో నున్నది. మహాదుకాణమునకు చదరపుటడుగునకు అద్దె మిక్కిలి స్వల్పము. ఒక్కొక్కచో స్థలమునే చౌకగ నిచ్చి పిలిచెదరు. చిన్న అంగడివాడు దానికి పెక్కురెట్లు చెల్లించును. అనగా అతడిచ్చునది గోడలకు అద్దె కాదు, ఆ పెద్దవాడు పిలిచి తెచ్చు జనమునకు వెల. ఆ దేశపు వర్తకులు ఆ పెద్ద దుకాణమును 'లంగరు' అని పిలుతురు. సముద్రతీరవాసులమగు మనకు లంగరు తెగిన నావ యేమగునో ఎవ్వరును చెప్పనక్కరలేదు.

ఆ లంగరులు తెగుచున్నవి. సియర్సు 2018 అక్టోబరులో దివాలా పత్రము దాఖలుచేసినది. జె.సి. పెన్నీ 2020 మే నెలలో ఆ దారినే పట్టినది. 1778లో పుట్టిన ఇంగ్లండుదేశపు డెబెన్‌హామ్సు 2021 మే నెలలో తుది తలుపు మూసినది. మేసీసువారు సుమారు 150 అంగళ్ళను 2026లోగా మూయుదుమని 2024లో ప్రకటించిరి. కారణములు పెక్కు. ఇంటనుండియే వస్తువులు తెప్పించుకొను వాడుక హెచ్చినది. చౌకవెలల దుకాణములు క్రిందనుండి కొఱికినవి. యజమానులు చేతులు మారినకొలది దుకాణము నెత్తిన ఋణము పెరిగినది. జనసంఖ్యకు మించి మాల్‌లు కట్టిరి. ఇందొక విచిత్రము కలదు. సియర్సు పుట్టినదే తపాలా వర్తకముతో. లావుపాటి ధరలపట్టికను పల్లెపల్లెకు పంపి, ఉత్తరము వ్రాసినవారికి సరకు చేర్చి పెరిగిన సంస్థ, ఆ పట్టిక వలన లాభము లేదని 1993లో దానిని నిలిపివేసినది. మఱుసటి సంవత్సరమే అమెజాను పుట్టినది. తాతయిచ్చిన బావిని పూడ్చి, పొరుగువాడు త్రవ్వగా నీళ్ళు కొనుక్కొనుట యనగా నిదియే.

పెద్ద దుకాణము పోయిన పిమ్మట మాల్ ఏమైనది? టెక్సాసు రాష్ట్రమందలి ప్లేనో పట్టణము మన తెలుగువారు విస్తారముగ నివసించు చోటు. నెల్లూరు జిల్లా బిడ్డలును అక్కడ కలరు. అచ్చట 1981లో తెఱచిన కాలిన్ క్రీకు మాల్ ఒకప్పుడు అయిదు మహాదుకాణములతో కిటకిటలాడినది. అవి యొక్కటొక్కటిగ తప్పుకొనగా, 2019లో మాల్ మూతపడినది; పిమ్మట పడగొట్టిరి. లంగరు తెగిన మాల్‌లు చచ్చు క్రమము ఎల్లెడల ఒకటియే. మొదట ఒక మూల చీకటి పడును. ఆ మూలనున్న చిన్న అంగళ్ళకు బేరము తగ్గును. వారు పోదురు. మఱికొన్ని దీపములారును. దీపములారిన నడవాలో ఆడువారు నడువరు. మిగిలినవారికి అద్దె మాత్రము తగ్గదు, పట్టా గడువు తీరువఱకు. ఈ భయము ఎంతటిదనగా, 2020లో జె.సి. పెన్నీ మునుగుచుండగా దానిని కొని నిలిపినవారు ఇతర వస్త్రవర్తకులు కారు. సైమను, బ్రూక్‌ఫీల్డు అను మాల్ యజమానులే. ఆ దుకాణముపై ప్రేమచే గాదు, తమ నడవాలు చీకటి పడకుండుటకై.

ఇది పరదేశపు కథ యని తీసివేయుటకును వీలులేదు. 1953 వఱకు మన జిల్లాకు రాజధాని చెన్నపట్టణము. పెండ్లి బట్టలకు, గడియారములకు రైలెక్కి అచ్చటికి పోవుట మన పెద్దల వాడుక. మౌంటురోడ్డున 1863లో వెలసిన స్పెన్సరు దుకాణము ఆ పట్టణమున దొరల ఠీవికి గుఱుతు. 1895లో దానికి కట్టిన ఎఱ్ఱని భవనము 1983లో అగ్నికాహుతియైనది. ఆ స్థలముననే 1991లో స్పెన్సరు ప్లాజా లేచినది. కొంతకాలము దక్షిణదేశమున దానిని మించిన మాల్ లేదు. అందలి అంగళ్ళు అనేకులకు విడివిడిగ విక్రయింపబడినవి. పట్టుమని ఒక యజమాని లేడు, రప్పించుటకు ఒక పెద్ద దుకాణము లేదు. ఇంతలో 2010లో ఎక్స్‌ప్రెస్సు ఎవెన్యూ, 2013లో వేళచ్చేరియందు ఫీనిక్సు తెఱచిరి. జనము మరలిరి. నేడు ప్లాజా నడవాలలో మూసిన తలుపులనేకము. దొర భవనము పోయినందుకు మాకు దుఃఖము లేదు. కాని గది కొనుక్కొన్న చిన్న వర్తకుడు దొర కాడు గదా. చెన్నపట్టణపు సెంట్రలు స్టేషను ప్రక్కన నుండిన మూరుమార్కెట్టు 1985లో కాలిపోయినపుడును నష్టపోయినది ఇట్టివారే.

మన దేశమున మహాదుకాణములు పాశ్చాత్యదేశములందువలె క్షీణింపలేదనుట నిజమే. షాపర్సు స్టాపు 1991లో బొంబాయిలో పుట్టి నేటికిని సాగుచున్నది. అయినను బిగ్ బజారు సంగతి మఱువరాదు. 2001లో ప్రారంభమై, ఎన్నో మాల్‌లకు లంగరై నిలిచిన ఆ దుకాణములు అద్దెలు బకాయిపడగా, అనేక స్థలముల పట్టాలను తమ పేర మార్పించుకొనియున్న రిలయన్సువారు 2022 ఫిబ్రవరిలో వానిని స్వాధీనపఱచుకొనిరి. ఆ యేడే కంపెనీ దివాలా విచారణకు వచ్చినది. 2024లో దానిని మూసి ఆస్తులు విక్రయింపుడని న్యాయాధికరణము ఉత్తరువిచ్చినది. రాత్రికి రాత్రి నామఫలకము మారినది. పట్టా యెవరి చేతనున్నదో దుకాణము వారిదని ఈ యుదంతము తేటపఱచుచున్నది.

ఒక్క యాధారమును నమ్ముకొనుట యెట్టిదో ఈ తీరమువారు ఇటీవలనే చవిచూచిరి. 2025 ఆగస్టున అమెరికావారు భారతదేశపు సరకులపై సుంకమును నూటికి 50 వంతులకు హెచ్చించినపుడు, మైపాడు ప్రాంతపు రొయ్యలరైతు చెరువుకట్టపై నిలుచుండి వాషింగ్టను వార్తలకై చెవియొగ్గవలసివచ్చినది. రొయ్యలో లోపము లేదు, నీటిలో లోపము లేదు, కొనువాడొక్కడగుటయే లోపము.

ఇంతవఱకు చదివి బజారు వర్తకులు మమ్ము తమ పక్షమని తలంతురేమో. వారితోడను మాకొక మాట కలదు. చేనేత ప్రచారమునకై మూటలు భుజమున వేసికొని వీధివీధి తిరిగిన మాకు బజారు స్థితి బాగుగ తెలియును. జనము మాల్‌కు పోవుట వట్టి మోజు కాదు. అచ్చట వెల వస్తువుపై వ్రాసియుండును. మన బజారున ముఖము చూచి చెప్పుదురు. కొన్న చీర నచ్చకున్న మఱునాడు మార్చుకొనవచ్చును. మన అంగడిలో మార్చుమన్న అపరాధము చేసినట్లు చూతురు. చంటిబిడ్డతో వచ్చిన తల్లి కూర్చుండుటకు చోటు, పోవుటకు మరుగుదొడ్డి అక్కడ కలవు. చిన్నబజారున ఆమెకు ఏమి కలదు? మురుగుకాలువ, దాని ప్రక్కన మోటారుసైకిళ్ళ వరుస. 1921 ఏప్రిలులో మహాత్ముడు వచ్చి పల్లిపాడున పినాకినీ సత్యాగ్రహాశ్రమమును తెఱచిన జిల్లా మనది. ఖద్దరు విక్రయశాలలందు అందఱికి ఒకటే వెల యను నియమము ఆ యుద్యమము నేర్పినదే. దానిని మాల్‌వారు పాటించుచుండ మనము విడిచితిమి.

అయినను బజారునకు మాల్‌కు లేని బలమొకటి కలదు. బజారున లంగరు లేదు. ఒక బట్టలకొట్టు మూతపడిన ప్రక్కనున్న ఇత్తడిసామానుల కొట్టు మునుగదు. సంతపేటకు కూరలకు వచ్చిన ఇల్లాలు, స్టోన్‌హౌసుపేటకు బియ్యపు బేరమునకు వచ్చిన రైతు, వైద్యునికై వచ్చిన పల్లెటూరి ముసలవ్వ, వీరందఱు వేఱువేఱు పనులపై వచ్చి ఒకే వీధిని నడుతురు. మఱియొకటి. పాటూరు నేతగాడు నెలకు నేయు కొలది చీరలను చూచి, చేతితో తడవి, అప్పటికప్పుడు కొనగలవాడు బజారు వర్తకుడు. ఊరూర శాఖలు గల సంస్థ ఒక్క మాఱుగ వేలకొలది చీరలు కోరును. అన్నియు నొక్క రంగున, ఒక్క తీరున నుండవలెను. వెంకటగిరి మగ్గము అందుకు పుట్టినది కాదు. బజారు కొట్టు మాల్ గదిగ మాఱి, ఆ గది మూతపడిన, తిరిగి బజారునకు వచ్చుటకు చోటుండదు; ఆ కొట్టును నమ్మిన మగ్గమును నిలుచును.

కాబట్టి మాల్‌కు పోదలచినవారిని మేము వారింపము. కన్నులు తెఱచి పొండనుచున్నాము. పెద్ద దుకాణమువాని పట్టా ఎన్నియేండ్లకు వ్రాయబడినదో అడుగుడు; మీ గడువు దానిని మించరాదు. వాడు విడిచిపోయినచో, ఇన్ని నెలలలో అట్టి మఱియొకడు రాకున్న, మీ అద్దె సగమగుననియు, మీరును నష్టపరిహారము లేక వెడలవచ్చుననియు పత్రమున స్పష్టముగ వ్రాయింపుడు. అమెరికాలో చిన్న వర్తకులు ఈ షరతును పట్టుబట్టి వ్రాయించుకొనుచున్నారు. మనవారు నామఫలకపు రంగును గూర్చి తగవులాడి దీనిని అడుగుట మఱచుచున్నారు. నిర్వహణ రుసుము ఎవ్వరి ఇష్టము చొప్పున పెరుగునో చూడుడు. ఏడాదికి మించిన పట్టా రిజిస్టరు కావలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమును, 1908 నాటి రిజిస్ట్రేషను చట్టమును చెప్పుచున్నవి. స్టాంపు ఖర్చు మిగులునని పదునొకండు నెలల కాగితముతో తృప్తిపడి, లక్షలు పోసి గది నలంకరించుకొనినవారిని మేము చూచితిమి. పండ్రెండవ నెలలో వారికి న్యాయస్థానమున చూపుటకు ఏమియు మిగులలేదు.

నెల్లూరు నగరపాలక సంస్థవారిని కోరునదియు స్వల్పమే. క్రొత్త మాల్‌కు కట్టడపు అనుమతి ఇచ్చునపుడు బండ్లు నిలుపు చోటును కొలిచి చూచుచున్నారు గదా. ఆ శ్రద్ధలో పదియవవంతు చిన్నబజారుపై పెట్టి, రెండు మరుగుదొడ్లు కట్టించి, కాలువలపై మూతలు వేయించి, సాయంకాలము కొన్ని గంటలు బండ్లను ఆ వీధినుండి తప్పించి చూడవలెను. అంగళ్ళవారు తమవంతుగ, వచ్చు సంక్రాంతిలోపల ప్రతి వస్తువుపై వెల వ్రాయుటకు ఒప్పుకొందురా? వర్తకసంఘమువారు తమ యభిప్రాయము తెలిపినచో ఈ పుటలందే ప్రకటింతుము. ఇక పట్టా పత్రముల విషయము: నకలు మా కార్యాలయమునకు తెచ్చినవారికి రుసుము లేకయే చదివి, అర్థము చెప్పుటకు సిద్ధముగ నున్నాము. సంతకము చేయక పూర్వమే తెండు. చేసిన పిమ్మట తెచ్చువారే ఇంతవఱకు ఎక్కువ.