నగర్తపేట ముచ్చట్లు: వేగం ఎక్కువై తప్పిన పరీక్ష

పోయిన నెల మా సందులో కొళాయి నీళ్ళ గొడవ వ్రాశాను. ఈ మాటు కంప్యూటరు గొడవ. "ఈయనకు కంప్యూటర్లతో ఏం పని?" అని చదువరులు నవ్వుకోవచ్చు. నాకు పని లేదు, మా మేనకోడలికి ఉంది. మా మేడమీది గదిలో కూర్చుని ఒక చిన్న కంపెనీకి ప్రోగ్రాములు వ్రాస్తుంది. ఆ గది కింద కంసాలి ఆచారిగారి కొట్టు. నాలుగడుగులు వేస్తే సదర్ పత్రప్ప రోడ్డు. అక్కడ కంప్యూటరు విడిభాగాలు వంకాయలూ బెండకాయలూ పోసినట్టు పోసి అమ్ముతారు. ఇటు పాతకాలపు తక్కెడ, అటు కొత్తకాలపు యంత్రం. మధ్యన మేము.

అమ్మాయి ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కావచ్చింది. సోమవారానికి పని అప్పజెప్పితే ఖాయం చేసే సంగతి చూస్తామన్నారు. శుక్రవారం పొద్దుగూకే వేళ ఆ పనిని కంపెనీవారి కొత్త యంత్రం మీద పెడితే ఒక టెస్టు తప్పింది. అదే టెస్టు ఆమె కంప్యూటరులో మూడు నెలలుగా ఒక్కనాడూ తప్పలేదు. రాత్రి భోజనానికి కూడా దిగిరాలేదు.

ఆ టెస్టు ఎటువంటిదో నాకు అర్థమైనంత వరకు చెబుతాను. ప్రోగ్రాములో ఏ భాగానికి ఎంత కాలం పడుతున్నదో చూచే సాధనాన్ని ప్రొఫైలరు అంటారు. వంటింటి మాటల్లో చెప్పాలంటే, వంటమనిషి ఏం చేస్తున్నాడో అయిదేసి నిమిషాలకు ఒకసారి గుమ్మంలోంచి తొంగిచూడటం వంటిది. నలభైసార్లు చూస్తే పన్నెండుసార్లు కూరలు తరుగుతూ కనిపించాడనుకోండి, పొద్దులో సుమారు మూడో వంతు తరుగుడుకే పోతున్నదన్నమాట. మా అమ్మాయి ప్రొఫైలరు సెకనుకు 100 సార్లు తొంగిచూస్తుంది. 1982లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంవారు జీప్రోఫ్ అనే సాధనం చేసిన నాటికే ఈ తొంగిచూపు పద్ధతి ఉంది.

బిల్లుల లెక్కలు కట్టే భాగం కనీసం అయిదు చూపుల్లోనైనా కనబడాలని ఆమె టెస్టు షరతు. ఆమె పాత కంప్యూటరులో మొత్తం పని 400 మిల్లీసెకన్లు పట్టేది. 40 చూపులు, అందులో లెక్కల భాగం పన్నెండు. కొత్త యంత్రం అదే పనిని 80 మిల్లీసెకన్లలో ముగించేసింది. ఎనిమిదే చూపులు. లెక్కల భాగం రెండుసార్లో మూడుసార్లో కనబడింది. టెస్టు తప్పింది. తొంగిచూసేలోగా వంటమనిషి వండి వార్చి వెళ్ళిపోయాడు గదా మరి!

యంత్రం మందగించి తప్పితే అర్థముంది గాని, వేగం ఎక్కువై తప్పటమేమిటని నేను ఆశ్చర్యపోతే, "ఇది పాత కథే మామయ్యా" అని ఒక సంగతి చెప్పింది. టర్బో పాస్కల్ అని ఒకప్పుడు చాలామంది వాడిన ప్రోగ్రాముల భాష. దానితో వ్రాసిన ప్రోగ్రాములు ఎన్నో, మొదలెట్టగానే యంత్రం వేగం ఎంతో కొలుచుకునేవి. గడియారపు ఒక టిక్కులో, అంటే 55 మిల్లీసెకన్లలో, ఎన్ని చుట్లు తిరగగలదో లెక్కించి దానిని 55 చేత భాగించేవి. వచ్చిన ఫలం 65,535 దాటదని వ్రాసినవారి ధీమా. 1990ల చివర కొత్త ప్రాసెసర్లు వచ్చి సుమారు 36 లక్షల చుట్లు దాటేసరికి ఫలం పట్టక, నిక్షేపంగా పనిచేస్తున్న ప్రోగ్రాములు మొదట్లోనే చచ్చిపడ్డాయి. తెర మీద 200వ నంబరు తప్పు అని వచ్చేది. ఆ నంబరుకు సున్నాతో భాగించటమని అర్థం. నిజానికి అక్కడ సున్నాయే లేదు! దొరికినవాణ్ణే దొంగ అన్నట్టుంది వ్యవహారం.

శనివారం కంపెనీలో ఒక పెద్దాయన ఫోనులో సలహా చెప్పాడట: "ఆ అయిదును ఒకటి చెయ్యి, లేదా టెస్టునే తీసెయ్. ఎవరు చూడొచ్చారు?" ఆయన్ని నేను తప్పు పట్టను, ఆయన నెత్తిన ఎన్ని పనులున్నాయో. కాని పిల్ల ఒప్పుకోలేదు. ఒకటి పెడితే అది పరీక్ష కాదు, హాజరు పిలుపు అన్నది.

రోజంతా కూర్చుని టెస్టును మార్చింది. పని ఇన్నిసార్లు చెయ్యాలన్న లెక్క తీసేసి, 1000 చూపులు పోగయ్యేవరకు చేస్తూనే ఉండాలని పెట్టింది. అప్పుడు వేగపు యంత్రమైనా, నిదానపు యంత్రమైనా చూపులు సమానమే. ఎన్ని చూపులని గాక ఎంత వంతు అని అడిగింది: లెక్కల భాగం నూటికి 20కీ 40కీ మధ్య ఉండాలి. రెండు యంత్రాల మీదా 30కి అటూ ఇటూగా వచ్చింది. ఆ రాత్రి నాలుగు ముద్దలు తిన్నది.

ఆదివారం పొద్దున్న ఆ వేయి చూపుల పట్టీని తీరికగా చదివితే వేరొక సంగతి బయటపడింది. ప్రతి బిల్లుకూ ధరల పట్టిక ఫైలును మళ్ళీ మళ్ళీ తెరిచే భాగం ఒకటి నూటికి 25 వంతులు మింగుతున్నది. ఒక్కసారి తెరిస్తే చాలు. ఆ భాగం వ్రాసింది తనే. అది ముందునుంచీ ఉన్నదే. లెక్కల భాగానికి అయిదు చూపులు దాటాయా లేదా అన్నదే చూసేవారు గాని, నలభైలో తక్కిన ఇరవై ఎనిమిదీ ఎక్కడికి పోతున్నాయని ఎవరూ అడగలేదు. కంటికి ఎదురుగానే ఉంది పాపం!

ఆ తప్పు దిద్దింది. దిద్దగానే కొత్త టెస్టు తప్పింది! వందలో పాతిక పోతే మిగిలింది డెబ్బైఅయిదు. అందులో ముప్ఫై అంటే నూటికి 40. గీటు మీద నిలిచి ఒకసారి నెగ్గుతుంది, ఒకసారి తప్పుతుంది. లెక్కల భాగం ఒక్క పిసరు కూడా మందగించలేదు, పక్కవాడు చిక్కిపోయాడు గనుక వీడు లావుగా కనిపిస్తున్నాడు. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకున్నది.

కాఫీ తాగుదువుగాని రమ్మని కిందికి తీసుకువచ్చాను. ఆచారిగారు కొట్లో ఎలక్ట్రానిక్ తక్కెడ మీద ఒక చిన్న తూనికరాయి పెట్టి సరిచూసుకుంటున్నారు. ఎందుకని అడిగితే, "చోటు మార్చానమ్మా, రాయి పెట్టి చూడందే బంగారం పెట్టను" అన్నారు. నేను వెంటనే అందుకుని, తీగ త్రాసు భూమి మీద చోటును బట్టి కాస్త తేడా చూపుతుందనీ, రెండు చిప్పల త్రాసులో రాయికీ బంగారానికీ ఆ తేడా ఒక్కటే గనుక ఎక్కడైనా ఒకే మాట చెబుతుందనీ ఉపన్యాసం మొదలుపెట్టాను. పిల్ల వినలేదు. కాఫీ సగంలో వదిలి మేడెక్కింది.

తరువాత తెలిసింది, తనూ ఒక తూనికరాయి తయారు చేసుకున్నదని. ఎన్నటికీ మార్చని ఒక చిన్న లెక్కల పనిని అదే యంత్రం మీద, అదే సమయంలో నడిపి, దానికి పట్టిన కాలానికి అసలు భాగం కాలం ఎన్ని రెట్లో చూస్తుంది. యంత్రం వేడెక్కి మందగించినా రెండూ దాదాపు ఒకటిగానే మందగిస్తాయి. "అయితే నా త్రాసు మాటే గదా!" అంటే నవ్వి, "అంత సులువు కాదు మామయ్యా. ఒక యంత్రానికి లెక్కలు వేగం, మరొకదానికి జ్ఞాపకంలోంచి తెచ్చుకోవటం వేగం. రాయి కూడా బంగారం జాతిదే కావాలి" అన్నది. అందుకని ఆ చిన్న పనిని కూడా బిల్లుల లెక్కల పోలికనే వ్రాసిందట. అయినా కాస్త సందు వదలక తప్పలేదన్నది.

రాత్రి రెండు గంటలకు రెండు యంత్రాల మీదా ఇరవైసార్లు నడిపి చూసింది. ఒక్కసారీ తప్పలేదు. సోమవారం పని పంపుతూ, ఫైలు పొరపాటు తనదేనని, ఇన్నాళ్ళూ పని మందగించటానికి అదొక కారణమని ఉత్తరంలో వ్రాసింది. దిద్దేశావు గదా, ఆ ముక్క ఎందుకే అని మా అక్కయ్య కోప్పడింది. నాకూ ఒక క్షణం అలాగే అనిపించిందని ఒప్పుకుంటాను.

కంపెనీనుంచి "అందింది" అని ఒక్క మాట వచ్చింది. ఖాయం కాగితం ఈ ముచ్చట అచ్చుకు ఇచ్చేనాటికి రాలేదు. ఆచారిగారు మాత్రం రోజూ కొట్టు కట్టేవేళ మెట్లదగ్గర నిలబడి, "వచ్చిందా తల్లీ?" అని అడిగి పోతున్నారు.