పాత కార్లు గట్టివా? చచ్చిన కార్లు సాక్ష్యం చెప్పవు!

"ఆ రోజుల్లో కార్లని ఇనుముతో చేసేవాళ్ళండీ! ఇప్పటివన్నీ రేకు డబ్బాలు!"

ఈ మాట వినని వాళ్ళు ఉండరు. పెళ్ళి పందిట్లో వింటాం, టీ కొట్టు దగ్గర వింటాం. వాస్తుకీ జాతకానికీ రుజువులు అడిగే హేతువాదుల నోట కూడా వింటాం! ఈ మాటకి మాత్రం వాళ్ళు రుజువు అడగరు. ఎందుకంటే రుజువు ఎదురుగానే ఉందంటారు: "మా వీధిలో 1965 నాటి అంబాసిడర్ ఇప్పటికీ నడుస్తోంది!"

సంతోషం. మరి ఆ ఏడాది దానితో పాటే ఫాక్టరీ గేటు దాటిన మిగతా కార్లన్నీ ఏవీ?

ఇది చాలా పాత ప్రశ్న. డయాగొరస్ అనే గ్రీకు నాస్తికుడి గురించి రోమన్ రచయిత సిసెరో ఒక కథ చెప్పాడు. సముద్రంలో తుఫాను వస్తే దేవుడికి మొక్కుకుని, బతికి ఒడ్డున పడ్డ వాళ్ళు గుళ్ళో పటాలు పెట్టించారు. ఎవరో వాటిని చూపించి, ఇప్పుడైనా దేవుణ్ణి నమ్ముతావా అని అడిగారు. మొక్కుకుని కూడా మునిగిపోయిన వాళ్ళ పటాలు ఎక్కడున్నాయని డయాగొరస్ ఎదురు అడిగాడు. మునిగిన వాళ్ళు పటాలు పెట్టించలేరు. తుక్కు కింద అమ్మేసిన కార్లు మీ వీధిలోకి రాలేవు. మొక్కుల విషయంలో ఈ తర్కం మనకి వెంటనే అర్థమవుతుంది. కార్ల విషయంలో ఎందుకు అర్థం కాదు?

పైగా, మిగిలిన ఆ ఒక్క కారూ అలా ఎందుకు మిగిలింది? ఎవరో దాన్ని నీడలో పెట్టి, తుడిచి, డబ్బు పోసి బాగుచేయించారు కాబట్టి. ఇంజన్ ఎన్నిసార్లు దింపారో, బోరు ఎన్నిసార్లు చేయించారో, తుప్పు పట్టిన రేకు ఎక్కడెక్కడ కోసి కొత్తది అతికారో యజమానిని అడగండి. అన్నీ మార్చేశాక "అరవై ఏళ్ళ కారు" అంటే అర్థం ఏమిటి? అది యజమాని ఓపికకీ మెకానిక్కు పనితనానికీ రుజువు. ఫాక్టరీ గొప్పతనానికి కాదు.

ఇంకో గందరగోళం కూడా ఉంది. అంబాసిడర్ మోడల్ 1950ల చివర నుంచి 2014 దాకా తయారైంది. బ్రిటన్‌లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అనే కారు నమూనా అది. ఇటలీ ఫియట్ 1100 నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మిని కూడా దశాబ్దాల పాటు సాగింది. మోడల్ యాభై ఏళ్ళు బతికితే ఒక్కొక్క కారూ యాభై ఏళ్ళు బతికినట్టా? కొత్త మోడల్ రాకపోవటానికి కారణం పాతదాని గట్టితనం కాదు. లైసెన్సుల రాజ్యంలో పోటీ లేదు. కారు కోసం ఏళ్ళ తరబడి కాచుకునే జనం, వచ్చిందే మహాప్రసాదం అనుకున్నారు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. ఆ "గట్టి" కార్లని వదిలి ఆ "రేకు డబ్బా" కోసం జనం వరస కట్టారు!

వీధిలో ఒక కారుని చూసి కాదు, మొత్తం కార్లని లెక్కపెట్టి చూడండి. అలాంటి లెక్క అమెరికాలో ఉంది. 1970లో అక్కడి రోడ్ల మీద తిరిగే కార్ల సగటు వయసు ఆరేళ్ళ లోపే. 2024లో అది 12 ఏళ్ళు దాటింది. కార్ల ధరలు పెరగటం లాంటి కారణాలు కూడా ఉన్నాయి. కానీ ఇప్పటి కార్లు నిజంగా నాలుగేళ్ళకే ఊడిపోయేవైతే సగటు వయసు రెట్టింపు ఎలా అవుతుంది?

"సరే, గుద్దుకుంటే? పాత కారుకి సొట్ట కూడా పడదు!" అంటారు. అసలు ప్రమాదం ఈ మాటలోనే ఉంది.

గంటకి 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు గోడని గుద్దిందనుకోండి. ముందు భాగం నలగకుండా, లోపలి మనిషి 10 సెంటీమీటర్లలో ఆగితే అతని ఒంటి మీద పడే బలం అతని బరువుకి దాదాపు 100 రెట్లు. ముందు భాగం నలిగి, బెల్టు పట్టుకుని, 60 సెంటీమీటర్లలో ఆగితే 16 రెట్లు. హైస్కూలు లెక్క ఇది. కారు ముందు భాగం నలగటం లోపం కాదు, దాని పనే అది. కారుకి పడని సొట్ట మనిషి గుండెకి పడుతుంది.

2009లో అమెరికాలో బీమా కంపెనీల పరిశోధన సంస్థ ఒకటి 1959 నాటి షెవ్రోలే బెల్ ఎయిర్‌నీ, 2009 నాటి షెవ్రోలే మాలిబునీ ఎదురెదురుగా గంటకి 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించింది. పాత కారులో డ్రైవరు కూర్చునే చోటే కుప్పకూలింది. ఆ సీటులో మనిషి ఉంటే చచ్చిపోయేవాడే. కొత్త కారులో డ్రైవరుకి కాలి గాయంతో పోయేది. పాత కార్ల భక్తులు ఊరుకున్నారా? ఆ కారులో ఇంజన్ లేదని పుకారు పుట్టించారు. ఇంజన్ ఉంది! మహిమ బయటపడని ప్రతిసారీ "భక్తి చాలలేదు" అనే బాబాల జవాబు లాంటిదే ఇదీ.

అలాగని కొత్తవన్నీ మంచివని నేను అనను. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశంలో బాగా అమ్ముడుపోయే 5 చిన్న కార్లని ఎయిర్‌బ్యాగులు లేకుండా గుద్దించి చూస్తే అయిదింటికీ సున్నా నక్షత్రాలే వచ్చాయి. మన ప్రభుత్వ పరీక్ష, భారత్ ఎన్‌క్యాప్, 2023లో గానీ మొదలవలేదు. ఈ సంగతులు తెలిసింది ఎలా? గుద్దించి కొలిస్తే. డోరు వేసినప్పుడు "ధన్" మని మోగిన చప్పుడు విని కాదు!

పాత కార్ల వాళ్ళ ఫిర్యాదుల్లో న్యాయమైనది ఒకటుంది. అంబాసిడర్ ఏ ఊళ్ళో ఆగిపోయినా ఆ ఊరి షెడ్డులో బాగయ్యేది. ఇప్పటి కారులో చిన్న సెన్సరు పోయినా కంపెనీ వర్క్‌షాపుకే పోవాలి. నిజమే. కానీ అది లోహం సంగతి కాదు, కంపెనీల పెత్తనం సంగతి. దానికి మందు, బాగుచేసుకునే హక్కు కోసం గట్టిగా అడగటం. "ఆ రోజులే వేరు" అని నిట్టూరిస్తే కంపెనీలకి పోయేదేమీ లేదు.

దీని మీద ఇంత గొడవ ఎందుకంటారా? 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చచ్చిపోయారని ప్రభుత్వ నివేదికే చెప్పింది. వాళ్ళలో 16,715 మంది సీటు బెల్టు పెట్టుకోని వాళ్ళు. బెల్టు ఉంటే అందరూ బతికేవాళ్ళని కాదు. చాలామంది బతికేవాళ్ళు. "మన బండి గట్టిది" అన్న ధీమా, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించామన్న ధీమా, రెండూ చేసే పని ఒకటే: బెల్టు దాకా పోవలసిన చేతిని ఆపటం.

కాబట్టి ఈసారి ఎవరైనా పాత కారుని చూపించి మురిసిపోతుంటే, ముచ్చటగా ఉందనండి, ఫోటో కూడా తీసుకోండి. తర్వాత, మునిగిపోయిన వాళ్ళ పటాలెక్కడున్నాయో అడగండి. వెనక సీటులో కూర్చున్నా సరే, బెల్టు పెట్టుకున్నాకే అడగండి.