శరత్కాలమున కర్నూలు

రాయలసీమను గూర్చి ఇతర ప్రాంతముల వారికి గల అభిప్రాయము తఱచుగా వేసవి ప్రయాణమున రైలుకిటికీనుండి చూచిన దృశ్యమువలన ఏర్పడినది. బండలు, తుమ్మచెట్లు, నీరులేని వంకలు, వడగాలి - ఇవి చూచి వారు ముఖము త్రిప్పుకొందురు. మంత్రాలయమునకో శ్రీశైలమునకో పోవు యాత్రికులలో పెక్కుమంది కర్నూలులో బస్సు మాఱి సాగిపోవుదురే గాని, ఆ నగరమున ఒక పూటయైనను నిలువరు. ఇది న్యాయము కాదు. కర్నూలును నిలిచి చూడవలెను. అందులకు తగిన కాలము శరత్తు.

చలికాలము ఇంతకంటె హాయి గదా యని కొందఱందురు. హాయియే కావలసినచో ఆ మాట నిజము. పుష్యమాసమున ఎండ మెత్తగా నుండును. నడచిన అలసట తెలియదు. కాని అప్పటికి ఏటినీరు తగ్గిపోవును; ముంగారి పైరు కోతయై యిల్లు చేరును. మెట్టరైతునకు ఏడాది బ్రతుకు తేలునది ఆశ్వయుజ కార్తీకములలోనే. చేనిలోని వేరుసెనగ కాయ నిండినదా, నల్లరేగడిలో హింగారి సెనగ విత్తుటకు పదును చాలునా యన్నది ఆ దినములలోనే తెలియును. ఊరిలో ఏ అరుగుమీద కూర్చున్నను ఇదే ప్రసంగము.

కర్నూలు తుంగభద్రా తీరమున, హంద్రి వచ్చి దానిలో కలియుచోట వెలసిన నగరము. వేసవిలో హంద్రిని చూచి అది నదియని నమ్ముట కష్టము. వానలు బాగుగా కురిసిన ఏట శరత్తున చూచినచో ఆ సందేహము తీఱును. తుంగభద్ర వృత్తాంతము వేఱు. దాని జన్మస్థానము కర్ణాటకమునందలి పడమటి కనుమలు. అందుచే కర్నూలు చుట్టుపట్ల చినుకు పడకున్నను, ఎగువ వానలకు ఏఱు నిండుగా రావచ్చును. గట్టుమీద చేను వాడుచుండగా ఎదుట నది పొంగి పాఱును! ఈ వింతను భూగోళపాఠమున చదువుట వేఱు, వంతెనపై నిలిచి చూచుట వేఱు.

నగరము వెలుపలికి రెండు క్రోసులు పోయినచో తంగేడు పసుపుపచ్చగా పూచియుండును. జొన్న, ప్రత్తి, కొఱ్ఱ చేలమీదుగా చల్లని గాలి వీచును. నల్లమల సీతాఫలములు గంపలకెత్తి బాటప్రక్కన అమ్ముచుందురు. అప్పుడే పెఱికిన చెనిక్కాయలను ఉడికించి పెట్టని యిల్లుండదు. ఈ రెంటికొఱకే వచ్చువారున్నను తప్పు పట్టనక్కఱలేదు.

ఈ నగరచరిత్రలోని రెండు గొప్ప ఘట్టములు కూడ శరత్తునందే జరిగినవి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించి, కర్నూలు దానికి రాజధాని యయ్యెను. ప్రకాశం పంతులుగారు తొలి ముఖ్యమంత్రి. చాలిన భవనములు లేక కొన్ని కచ్చేరీలు గుడారములలో నడచినవి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదునకు తరలిపోయెను. ఆ మూడేండ్ల వైభవమును ఊరి పెద్దలు నేటికిని తలచుకొందురు. రెండవది దుఃఖకరమైనది. 2009 అక్టోబరు 2న వరద నగరమును ముంచివేసెను. ఏండ్లతరబడి నీటికై ఎదురుచూచిన జనులు ఆ రాత్రి నీటికి వెఱచి మిద్దెలెక్కిరి. నగరమధ్యమునగల కొండారెడ్డి బురుజును చూడవచ్చినవారు పాతబస్తీలో ఎవరినైనను అడిగినచో నీరు ఎంతవఱకు వచ్చినదో గోడమీద చేయి పెట్టి చూపుదురు.

ఇంతదూరము వచ్చినవారు తుంగభద్ర నీటి వెంట కడపకు పోవుట మంచిది. సుంకేసుల యొద్ద బయలుదేఱు కర్నూలు-కడప కాలువ ఇందులకు దారి చూపును. 1863లో ఒక ఆంగ్ల కంపెనీ దీనిని త్రవ్వ నారంభించెను. తొలి యేండ్లలో రైతులు ఈ నీటిని ఆశించినంతగా కొనలేదు. కంపెనీకి నష్టము వచ్చెను. తరువాత 1876 నుండి 1878 వఱకు సాగిన ఘోరమైన కఱవులో కర్నూలు, కడప మండలములు అల్లాడిపోయినవి. 1882లో ప్రభుత్వము కాలువను కొనెను. కృష్ణలో కలియవలసిన తుంగభద్ర నీరు ఈ కాలువద్వారా పెన్నలోయకు చేరుచున్నది. నిండు కాలువ, దాని క్రింది వరిమళ్లు, ఆ గట్టు దాటగానే మెట్టచేలు - ఈ భేదము శరత్తున కనబడినట్లు మఱి యే ఋతువునను కనబడదు.

తిరుమల యాత్రకు గడప వంటిది గనుక కడప యను పేరు వచ్చెనని పెద్దలందురు. 1820లో అచ్చటికి ఉద్యోగియై వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు గ్రంథములను సేకరించి, పండితులచే పరిష్కరింపజేసెను. ఆయన బంగళా యుండిన స్థలమున నేడు ఆయన పేర గ్రంథాలయమున్నది. గండికోట కూడ ఆ జిల్లాలోనిదే. ఎఱ్ఱని రాతిగోడలను కోసికొని పెన్న పాఱు ఆ గండిని వేసవిమధ్యాహ్నమున చూడబోయినవారు పాదములు కాలి త్వరగా మఱలుదురు. శరత్తున సాయంకాలము వఱకు కూర్చుండవచ్చును.

కార్తీకమున బంగాళాఖాతపు వాయుగుండములు కడప ప్రాంతమునకు భారీవర్షము తెచ్చుట కలదు. 2021 నవంబరులో చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగి దిగువ గ్రామములు కొట్టుకొనిపోయినవి. ప్రయాణమునకు ముందు వాతావరణ వార్త వినుట అవసరము.

వానలు తప్పిన ఏట ఏమి చూడవలెనని అడుగవచ్చును. ఆ ఏట తంగేడు పలుచగా పూచును, కాలువ అడుగంటును, గంపలలో చెనిక్కాయలుండవు. ఐనను రావలెను. పచ్చగా నున్నప్పుడు మాత్రమే వచ్చిపోవువారు సీమకు చుట్టములు కారు. ఏ యేట వచ్చినను ఇంటివారు మంచము వాల్చి, చెంబుతో నీళ్లిచ్చి, కుశలమునకు ముందే ఒక మాట అడుగుదురు: "మీ పక్క వానలు పడినాయా?"