కొలమానమే తప్పితే...

ఢిల్లీ శివారులోని ముంగేష్‌పూర్ ఆటోమేటిక్ వాతావరణ కేంద్రంలో 2024 మే 29న 52.9 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదై దేశమంతటా సంచలనం రేగింది. సెన్సర్ దోషం వల్ల అది మూడు డిగ్రీలు ఎక్కువ చూపిందని వాతావరణ శాఖ అనంతరం తేల్చింది. కేంద్రాలు నెలకొల్పడంలో కనబరచే ఉత్సాహం వాటి నిర్వహణలోనూ ఉండాలని ఈ ఉదంతం హెచ్చరిస్తున్నది.

వర్షమాపకం గరాటులో ఆకులు, దుమ్ము పేరుకుంటే కురిసిన వాన పూర్తిగా లెక్కకు రాదు. వాతావరణ ఆధారిత పంటల బీమాలో పరిహారాన్ని నిర్ణయించేవి ఈ అంకెలే. అతివృష్టికి పంట మునిగిన రైతుకు పూడిపోయిన గరాటు కారణంగా పరిహారం దక్కకపోతే బాధ్యులెవరు? పరికరాలను క్రమం తప్పక శుభ్రపరచడం, ప్రామాణిక సాధనంతో సరిచూడటం, అందుకు ప్రత్యేకంగా నిధులు కేటాయించడం ప్రభుత్వాల కనీస కర్తవ్యం.