నడకకు తెరిచిన నేల

ప్రకృతి సౌందర్యం ఎవరి సొత్తు అని అడిగితే, అందరి సొత్తు అన్న సమాధానం వెంటనే వినిపిస్తుంది. అయితే అందరిదీ అయిన వస్తువును ఎవరూ తమదిగా చూసుకోరన్నది లోకానుభవం. ఊరుమ్మడి చెరువు పూడిపోవడం, ఊరుమ్మడి తోపు తరిగిపోవడం ఎరిగినవారికి ఈ మాట కొత్తది కాదు. అందువల్లనే సుందర ప్రదేశాల సంరక్షణ విషయంలో రెండు వాదాలు చిరకాలంగా ఎదురెదురుగా నిలిచి ఉన్నాయి. జనం అడుగు పెడితే ప్రకృతి పాడవుతుంది కనుక కంచె వేయాలన్నది మొదటి వాదం. ప్రకృతిని చూసి ఆనందించే హక్కు ప్రతి మనిషికీ ఉంది కనుక దారి తెరవాలన్నది రెండవది. ఈ రెండూ ఒకదానికొకటి శత్రువులు కానక్కరలేదని నిరూపించే ఉదాహరణ ఇంగ్లండులోని ఒక చిన్న పల్లెలో లభిస్తుంది. ఆ పల్లె పేరు మాలమ్.

ఉత్తర ఇంగ్లండులో యార్క్‌షైర్ డేల్స్ అనే కొండసీమ ఉంది. ‘డేల్’ అంటే లోయ. 1954లో ఈ సీమను జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. జాతీయ ఉద్యానం అనగానే మనుషులు నివసించని అభయారణ్యం మనసులో మెదలవచ్చు. ఇంగ్లండులో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ ఉద్యానం లోపలే ఊళ్లుంటాయి, పొలాలుంటాయి, గొర్రెల మందలు మేస్తుంటాయి. భూమిలో అధిక భాగం రైతులకూ, ఇతర ప్రైవేటు యజమానులకూ చెందినదే. మాలమ్ అటువంటి ఊరే. జనాభా కొన్ని వందలు మాత్రమే. ఊరి మధ్య వాగు, దానిపై రాతి వంతెన, చుట్టూ సున్నం గాని మట్టి గాని వాడకుండా రాయిమీద రాయి పేర్చి కట్టిన గోడలు, ఆ గోడల నడుమ పచ్చిక బయళ్లు. ఇంత సామాన్యమైన పల్లెను వెదుక్కుంటూ దేశదేశాల వారు రావడానికి కారణం దాని చుట్టూ ఉన్న సున్నపురాయి.

ఊరికి ఉత్తరాన సుమారు కిలోమీటరు దూరంలో మాలమ్ కోవ్ అనే మహాశిల కనిపిస్తుంది. దాదాపు 80 మీటర్ల ఎత్తున, 300 మీటర్ల వెడల్పున, చంద్రవంకవలె లోపలికి వంగిన తెల్లని రాతిగోడ అది. మంచుయుగం ముగిసేవేళ హిమానీనదాలు కరిగి, ఆ నీరు ఈ శిల మీదుగా జలపాతమై దూకింది. ఆ తరువాత నీరు రాతి పగుళ్లలో దిగి భూగర్భంలో దారి చూసుకోవడంతో జలపాతం ఎండిపోయింది. 2015 డిసెంబరులో తుఫాను వర్షాలు కురిసినప్పుడు మాత్రం ఆ పాత జలపాతం కొద్దిసేపు మళ్లీ ప్రాణం పోసుకుంది. బతికున్న వారెవరూ అంతకుముందు చూసి ఎరుగని ఆ దృశ్యాన్ని ప్రజలు ఆశ్చర్యంతో తిలకించారు. ఆ శిల చరియల్లో పెరెగ్రిన్ డేగలు గూడు కట్టుకుంటాయి.

మెట్లెక్కి శిల పైభాగానికి చేరినవారికి మరొక అద్భుతం ఎదురవుతుంది. నేలంతా పలకలు పరిచినట్లు రాయి పరుచుకొని ఉంటుంది. రాతిపలకలను అక్కడివారు ‘క్లింట్లు’ అనీ, వాటి మధ్యనున్న లోతైన పగుళ్లను ‘గ్రైకులు’ అనీ పిలుస్తారు. ముప్పై కోట్ల సంవత్సరాలకు పూర్వం ఆ ప్రాంతం వెచ్చని సముద్రం. అందులోని జీవుల గుల్లలూ, పెంకులూ అడుగున పేరుకొని గట్టిపడి సున్నపురాయిగా మారాయి. మంచుయుగంలో హిమానీనదాలు పైమట్టిని గీకివేసి రాతిని బయటపెట్టాయి. వాననీరు గాలిలోనూ, మట్టిలోనూ ఉన్న కార్బన్ డయాక్సైడును కలుపుకొని బలహీనమైన ఆమ్లమవుతుంది. ఆ ఆమ్లం సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగిస్తూ వేల సంవత్సరాలలో పగుళ్లను వెడల్పు చేసింది. పైన ఈదురుగాలి వీస్తుంటే, ఆ పగుళ్ల లోతుల్లో నీడా తేమా దొరికి, అడవుల్లో పెరిగే ఫెర్న్ మొక్కలు గొర్రెల నోటికి అందకుండా బతుకుతాయి. 2010లో విడుదలైన హారీ పోటర్ చలనచిత్రంలో ఈ రాతినేల కనిపించిన తరువాత యువతరం దృష్టి ఇటు మరింతగా మళ్లింది.

ఈ ప్రాంతంలో నీటి నడక కూడా వింతగానే ఉంటుంది. కొండమీద, సముద్రమట్టానికి 377 మీటర్ల ఎత్తున మాలమ్ టార్న్ అనే సరస్సు ఉంది. దాని నుండి బయలుదేరిన వాగు కొద్ది దూరం పారి రాళ్లలో ఇంకి మాయమవుతుంది. దిగువన కోవ్ పాదం వద్ద ఒక వాగు రాతి కింది నుండి పుట్టుకొస్తుంది. పైన మాయమైన నీరే కింద ప్రత్యక్షమవుతున్నదని ఎవరైనా అనుకుంటారు. నీటిలో రంగు కలిపీ, ఇతర పద్ధతుల్లోనూ పరీక్షించగా అది అంత సరళమైన విషయం కాదని తేలింది. సరస్సు నీరు ప్రధానంగా ఊరికి దక్షిణాన ఉన్న ఊటల్లో బయటపడుతుంది. కోవ్ వద్ద ఉబికే నీటిలో ఎక్కువ భాగం మరొకచోట ఇంకినది. ప్రకృతిని దర్శించడానికి కన్నులు చాలవు, ఓర్పుతో కూడిన పరిశీలన అవసరమన్న సత్యాన్ని ఈ వాగులు బోధిస్తున్నాయి.

ఊరికి తూర్పున గోర్డేల్ స్కార్ అనే ఇరుకైన లోయ ఉంది. ఇరువైపులా వంద మీటర్ల ఎత్తున మీదికి వాలినట్లుండే శిలల మధ్య నుండి నీరు దూకుతుంది. జేమ్స్ వార్డ్ అనే చిత్రకారుడు 1812-14 ప్రాంతంలో దీనిని మూడు మీటర్లకు పైగా ఎత్తున్న చిత్రంగా గీశాడు. అది నేటికీ లండన్‌లోని టేట్ చిత్రశాల సేకరణలో ఉంది. కవి వర్డ్స్‌వర్త్ ఈ లోయపై ఒక పద్యం చెప్పాడు. 1863లో వెలువడిన ‘ది వాటర్ బేబీస్’ అనే బాలల నవలకు సరస్సు తీరంలో గడిపిన రోజులు చార్లెస్ కింగ్స్‌లీకి ప్రేరణనిచ్చాయి. లోయకు వెళ్లే దారిలో జానెట్స్ ఫాస్ అనే చిన్న జలపాతం ఉంది. అక్కడ నీటిలో కరిగిన సున్నం నాచుమీద తిరిగి పేరుకొని కొత్త రాయిగా ఏర్పడుతుంది. ఆ జలపాతం వెనుక గుహలో జానెట్ అనే యక్షిణుల రాణి నివసిస్తుందని ఊరివారు కథలుగా చెప్పుకుంటారు.

కవులూ చిత్రకారులూ చూసిన అందాన్ని కూలివాడు చూడగలిగాడా అన్నది ఆలోచించవలసిన ప్రశ్న. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాలలో ఉత్తర ఇంగ్లండులోని కొండబయళ్లు చాలావరకు భూస్వాముల వేటకు ప్రత్యేకించబడి ఉండేవి. మిల్లుల పొగలో వారమంతా గడిపిన కార్మికులు ఆదివారం ఆ కొండలపై నడవబోతే కాపలాదారులు అడ్డగించేవారు. 1932లో కిండర్ స్కౌట్ అనే కొండపైకి వందలాది మంది కలసి నిషేధాన్ని ధిక్కరించి నడిచారు. వారిలో ఐదుగురికి జైలుశిక్ష పడింది. 1935లో టామ్ స్టీఫెన్‌సన్ అనే పత్రికా రచయిత ఇంగ్లండు వెన్నెముకవంటి పెనైన్ కొండల పొడవునా ప్రజల కొరకు ఒక కాలిబాట కావాలని ప్రతిపాదించాడు. 1949లో జాతీయ ఉద్యానాల చట్టం వచ్చింది. 1965 ఏప్రిల్ 24న ‘పెనైన్ వే’ అనే ఆ సుదీర్ఘమైన బాట ప్రారంభమైంది. ఆ ఉత్సవం జరిగిన చోటు మాలమ్ కొండబయలే. ముప్పై ఏళ్ల పట్టుదలకు ఫలం దక్కిన నేల అది. 2000 సంవత్సరపు చట్టం ఇంగ్లండు, వేల్స్‌లలో అటువంటి బయళ్లలో బాట విడిచి నడిచే హక్కును కూడా ప్రజలకు కల్పించింది.

ఇంతమందికి దారి తెరిస్తే నేల అరిగిపోదా అన్న శంక సహేతుకమైనదే. వేలాది పాదాల కింద పచ్చిక నశించి బాటలు గండ్లుపడతాయి. అదుపులేని కుక్కలు గొర్రెపిల్లలను బెదరగొడతాయి. ఇరుకు వీధుల్లో వాహనాలు నిండి ఊరివారు ఇబ్బంది పడతారు. ఈ నష్టాలను తేలికగా కొట్టిపారవేయరాదు. కానీ ఆ సున్నపురాతి నేలలకు ఘోరమైన హాని చేసింది నడిచినవారు కారన్నది కూడా అంతే నిజం. ఇళ్ల తోటల్లో అలంకారంగా అమర్చుకోవడానికి ఆ రాతిపలకలను పెకలించి అమ్ముకున్న వ్యాపారం బ్రిటన్‌లో అనేకచోట్ల వాటిని మటుమాయం చేసింది. చెక్కుచెదరకుండా మిగిలినది స్వల్పమే. చివరికి 1981 నాటి వన్యప్రాణి, గ్రామీణ ప్రాంత చట్టం ప్రకారం రక్షణ ఉత్తర్వు ఉన్నచోట ఆ రాతిని తొలగించడం నేరమైంది. వేల ఏళ్లలో నీరు చెక్కిన శిల్పాన్ని ఒక్క పగటిలో బండికెత్తవచ్చు. తిరిగి చేయడం ఎవరి తరమూ కాదు.

ఎవరూ చూడని చోట జరిగే దోపిడికి సాక్షులుండరు. నలుగురూ నడిచే చోట ప్రతి బాటసారీ ఒక కాపలాదారు అవుతాడు. ఒకసారి ఆ రాతిపై నిలిచి గ్రైకుల్లోని పచ్చదనాన్ని వంగి చూసినవాడు తన తోట కోసం ఆ పలకను కొనడానికి మనస్కరించడు. కంచె భయాన్ని పెంచగలదు గాని ప్రేమను పెంచలేదు. కనుక దారి తెరవడమే సంరక్షణకు తొలిమెట్టు. అయితే తెరిచిన దారిలో నడిచేవానికి నియమం ఉండాలి. గేటును తాము చూసినప్పుడు ఎలా ఉన్నదో అలాగే ఉంచడం, కుక్కను తాడుతో పట్టుకోవడం, తెచ్చిన చెత్తను తిరిగి తీసుకుపోవడం అక్కడి నడకదారులకు నేర్పే మర్యాదలు. ఇవి చిన్న విషయాలుగా తోచవచ్చు. ప్రజల హక్కు నిలబడేది ఈ చిన్న విషయాల మీదనే.

ఈ పాఠం తెలుగువారికి దూరపుది కాదు. కడప బండలుగా ఇళ్లలో పరుచుకునే రాయి కూడా సున్నపురాయే. వాననీరు మాలమ్‌లో రాతిని కరిగించిన తీరుననే నంద్యాల జిల్లాలో బెలూం గుహలను భూగర్భజలం తొలిచింది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటిని గురించి నమోదు చేసినా, లోకం పట్టించుకోలేదు. ఒక కాలంలో చుట్టుపక్కలవారు అందులో చెత్త వేసేవారు. 1980వ దశకంలో జర్మన్ అన్వేషకులు లోపలి మార్గాలను కొలిచి చూపారు. పర్యాటక శాఖ గుహలను శుభ్రపరచి, దీపాలు అమర్చి, 2002లో ప్రజల సందర్శనకు తెరిచింది. చూసేవారు లేనినాడు చెత్తకుప్ప అయిన గుహ, చూడ్డానికి జనం వచ్చిననాడు గర్వకారణమైంది. ఆ గర్వం గుహగోడలపై పేర్లు చెక్కే చేతులను ఆపగలిగినప్పుడే సార్థకమవుతుంది.

భూమికి పత్రం రాయించుకున్నవాడు యజమాని కావచ్చు. ఆ భూమి సౌందర్యానికి మాత్రం, దానిని కన్నులారా చూసి, చూసినదానిని రాబోయేవారి కొరకు యథాతథంగా విడిచి వెళ్లినవాడే నిజమైన వారసుడు. ఇటువంటి కొండలపై నడిచే హక్కు కోసం ఒక తరంలో కొందరు జైలుకు వెళ్లారు. ఆ హక్కును నిలుపుకోవడానికి తరువాతి తరాలు చేయవలసినది అంత కష్టమైన పని కాదు. రాయిని రాయిగా, మొక్కను మొక్కగా ఉన్నచోటనే ఉంచి, వచ్చిన దారిన తిరిగి వెళ్తే చాలు.