ఊపిరి ఎంత బరువు మోయగలదు?

2004 డిసెంబర్ సునామీలో అయినవాళ్లను, ఇళ్లను, పడవలను పోగొట్టుకున్నవాళ్లు ఎనిమిది నెలలు గడిచాక కూడా తమిళనాడులోని నాగపట్నం శిబిరాల్లో అల్లాడుతూనే ఉన్నారు. వాళ్లలో సుమారు 180 మందితో ఒక పరిశీలన జరిగింది. కొందరికి ప్రాణాయామం ఆధారంగా కొన్ని శ్వాస పద్ధతులు నేర్పారు. కొందరికి వాటితోపాటు మానసిక చికిత్స కూడా అందించారు. మిగిలినవాళ్లను ఆరు వారాలు ఆగమన్నారు. సాధన చేసినవాళ్లలో భయం, దిగులు బాగా తగ్గాయి. ఆగినవాళ్లలో అంత మార్పు రాలేదు. 2010లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

అంత దుఃఖంలో ఉన్నవాళ్లకు ఊపిరితో ఊరట దొరికిందంటే అది చిన్న విషయం కాదు. అయితే ఈ జట్లను చీట్లు తీసి కాకుండా శిబిరాలవారీగా విడదీశారు. పైగా నేర్పడానికి ఎవరో వచ్చారు, పదిమందీ కలిసి కూర్చున్నారు, మన బాధను పట్టించుకునేవాళ్లు ఉన్నారన్న ధైర్యం కలిగింది. దొరికిన ఊరటలో ఊపిరి వాటా ఎంత, మనుషుల వాటా ఎంత? మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఊపిరికీ వాటా ఉందని శరీరమే చెబుతుంది. గాలి లోపలికి పీల్చినప్పుడు గుండె వేగం కాస్త పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. మెదడు నుంచి గుండె దాకా, పొట్ట దాకా వెళ్లే వేగస్ నాడి చేసే పని ఇది. మామూలుగా పెద్దవాళ్లు నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు ఊపిరి తీస్తారు. దాన్ని ఆరుకు దించితే గుండె లయ, రక్తపోటు ఒకదానితో ఒకటి చక్కగా కుదురుకుంటాయి. ఇటలీకి చెందిన లూచియానో బెర్నార్డీ బృందం 2001లో క్రైస్తవుల జపమాల ప్రార్థననూ, ఒక యోగ మంత్రాన్నీ పరీక్షించింది. రెండూ ఊపిరిని నిమిషానికి దాదాపు ఆరుకే తెచ్చాయి. పొద్దున్నే పారాయణ చేసే మన పెద్దవాళ్లకు దొరికే నెమ్మదిలో భక్తితోపాటు ఈ నిదానపు ఊపిరికి కూడా పాలుందని నాకనిపిస్తుంది.

ఇక్కడితో ఆగితే తీర్పు సులువే. కానీ 2023లో బ్రిటన్‌లో ఒక పరీక్ష జరిగింది. నాలుగు వందల మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టును నిమిషానికి ఐదున్నర సార్లు, రెండో జట్టును మామూలుగా పన్నెండు సార్లు ఊపిరి తీయమన్నారు. రోజుకు పది నిమిషాలు, నాలుగు వారాలు. చివరికి రెండు జట్లూ కొంత మెరుగుపడ్డాయి, వాటి మధ్య తేడా మాత్రం కనబడలేదు. అంటే మేలు చేసింది లెక్క కాకపోవచ్చు. రోజూ కాసేపు అన్నీ పక్కనబెట్టి కూర్చోవడమే కావచ్చు. అలాగైతే మేలు అబద్ధమైపోదు. ‘ఈ లెక్క మా దగ్గరే ఉంది’ అని వేల రూపాయలు వసూలు చేసేవాళ్ల మాటే తేలిపోతుంది.

అసలు పేచీ వేగంగా ఊపిరి తీయించే పద్ధతులతో. మానసిక చికిత్సలో వాడుతున్న ఎల్‌ఎస్‌డీ అనే మందు మీద ఆంక్షలు వచ్చాక, 1970ల్లో మానసిక వైద్యుడు స్టానిస్లావ్ గ్రోఫ్ ‘హోలోట్రోపిక్’ శ్వాస పద్ధతిని రూపొందించాడు. గట్టి సంగీతం పెట్టి, చాలాసేపు ఆపకుండా వేగంగా ఊపిరి తీయిస్తారు. మనుషులు వెక్కివెక్కి ఏడుస్తారు, వణుకుతారు. కండరాల్లో దాగిన పాత గాయం బయటికొస్తోందని నడిపేవాళ్లు చెబుతారు. ఆ ఏడుపు నిజం, తర్వాత వచ్చే తేలికదనమూ నిజం కావచ్చు. చెప్పే కారణమే నిలబడదు. ఊపిరి వేగం పెరిగితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, మెదడుకు వెళ్లే రక్తనాళాలు సన్నబడతాయి, కళ్లు తిరుగుతాయి, చేతులు తిమ్మిరెక్కి వేళ్లు కొంకర్లు పోతాయి. గుండెజబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లకు, గర్భిణులకు ఇది ప్రమాదం. తీవ్రమైన మానసిక రుగ్మత ఉన్నవాళ్లకు మరీను. దిగులుకు మెడా భుజాలూ బిగుసుకుపోతాయి, వాటిని సడలిస్తే హాయిగా ఉంటుంది. కానీ ఫలానా దుఃఖం ఫలానా కండరంలో నిల్వ ఉంటుందని ఇంతవరకు రుజువు కాలేదు. తొందరపాటు కూడదని మన సంప్రదాయమూ చెప్పింది. పదిహేనో శతాబ్దపు హఠయోగ ప్రదీపిక ప్రాణాయామాన్ని మెల్లగా వశం చేసుకోవాలనీ, పద్ధతి తప్పితే రోగాలు వస్తాయనీ హెచ్చరించింది.

లోపలున్నదంతా కక్కేస్తే మనసు తేలికపడుతుందన్న నమ్మకానికీ ఆధారాలు బలహీనమే. కోపంపై 154 అధ్యయనాలను కలిపి చూసిన 2024 నాటి సమీక్షలో శరీరాన్ని నెమ్మదింపజేసేవే కోపాన్ని తగ్గించాయని తేలింది. పరుగెత్తడం వంటివి తగ్గించలేదు.

మరి జబ్బు స్థాయికి చేరిన బాధ సంగతి? బెంగళూరులోని నిమ్హాన్స్‌లో తీవ్ర కుంగుబాటుతో చేరిన 45 మందిని పదిహేనేసి మంది చొప్పున మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు విద్యుత్ చికిత్స, ఇంకో జట్టుకు ఇమిప్రమిన్ మాత్రలు ఇచ్చారు, మూడో జట్టుతో సుదర్శన క్రియ అనే శ్వాస సాధన చేయించారు. నాలుగు వారాలకు కోలుకున్నవాళ్లు వరుసగా 93, 73, 67 శాతం. 2000లో వెలువడిన ఈ అంకెలను రెండు పక్షాలూ తమకు అనుకూలంగా చూపిస్తాయి. శ్వాస మాత్రకు దగ్గరగా వచ్చిందని ఒకరు, విద్యుత్ చికిత్సకు చాలా వెనకబడిందని ఇంకొకరు. నాకు ముఖ్యమనిపించేది వేరు. ఆ సాధన ఆసుపత్రిలో, వైద్యుల కళ్లముందు జరిగింది. ‘ఊపిరి సరిచేసుకో, మాత్రలు మానెయ్’ అని చెప్పే హక్కు అది ఎవరికీ ఇవ్వదు.

సున్నితమైన కదలికల విషయంలో సాక్ష్యం కాస్త గట్టిది. పాత హింస, గాయాల వల్ల వచ్చిన మానసిక రుగ్మతతో ఏళ్ల తరబడి బాధపడుతున్న 64 మంది మహిళలపై బెస్సెల్ వాన్ డెర్ కోల్క్ బృందం అమెరికాలో చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. పది వారాల యోగా తర్వాత సగం మందికి పైగా ఆ రుగ్మత నిర్ధారణ గీత దాటి బయటపడ్డారు. పోల్చి చూసిన జట్టులో అయిదో వంతు మందే. చికిత్సకు తోడుగా చేయించిన యోగా అది. అలాంటి తరగతుల్లో ఎవరినీ కళ్లు మూసుకోమని బలవంతపెట్టరు, అడక్కుండా ఎవరి ఒంటి మీదా చెయ్యి వేయరు. దెబ్బతిన్న మనిషికి తన శరీరం మీద తన మాట చెల్లడం ఎంత అవసరమో ఆలోచించండి.

2025 జూన్ 21న విశాఖ తీరంలో మూడు లక్షల మందికి పైగా ఆసనాలు వేశారు. ఖర్చు లేకుండా ఇంతమందికి నేర్పగలగడం గొప్ప బలం, ముఖ్యంగా మానసిక రుగ్మత ఉన్నవాళ్లలో కనీసం 70 శాతం మందికి చికిత్సే అందడం లేదని 2015–16 జాతీయ సర్వే తేల్చిన దేశంలో. నా భయం ఒక్కటే. అప్పుల్లో మునిగిన కౌలు రైతుకూ, ఇంట్లో దెబ్బలు తినే ఇల్లాలికీ ‘గట్టిగా ఊపిరి పీల్చుకో’ అన్న సలహా ఒక్కటే మిగలకూడదు. ఆ రాత్రికి నిద్ర పట్టడానికి అది సాయపడుతుందేమో కానీ అప్పు తీర్చదు, కొట్టే చేతిని ఆపదు.

కాబట్టి నెమ్మదిగా ఊపిరి వదలండి, మెడా భుజాలూ మెల్లగా కదిలించండి, ఒంటరిగా కాక నలుగురితో చేయగలిగితే మరీ మంచిది. దడ పెరిగినా, పాత భయం మీదపడినా అక్కడికక్కడే ఆపేయండి. రెండు వారాలైనా దిగులు వదలకపోతే వైద్యుడి దగ్గరికి వెళ్లండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు. 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలిమానస్ నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, పైసా ఖర్చు లేదు.